తడలో దిగకుండా మాతో వచ్చిన అక్కకి

రెండు రాత్రులుగా సరిగ్గా నిద్ర లేదు. రెండుసార్లు స్నానం చేశా, అయినా చేతులకి చేపల వాసన ఇంకా ఉన్నట్టే ఉంది, లేక నాకే అలా అనిపిస్తోందేమో. ఫోన్‌లో టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. "తనకి ఎలా ఉంది" అని పొద్దుటి నుంచి మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి, ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నా. మద్రాసు ట్రిప్పులో జబ్బు పడ్డ నా ఫ్రెండ్ ఇప్పుడు బాగానే ఉంది. నిన్న సాయంత్రం నెల్లూరు తీసుకొచ్చేశాం, ఇప్పుడు నా పక్కనే మజ్జిగన్నం తిని నిద్రపోతోంది. తన పేరు రాయొద్దంది, అందుకే రాయట్లేదు.

మేం ఆరుగురం, నర్సింగ్ మూడో సంవత్సరం, హాస్టల్‌లో ఒకే వరండా. మొదటి సంవత్సరం నుంచి అనుకుంటూ అనుకుంటూ చివరికి మొన్న శనివారం మద్రాసు పోయాం. (మా ఇళ్ళల్లో ఇంకా మద్రాసే అంటారు. చెన్నై అంటే ఏదో తెలియని ఊరిలా ఉంటుంది.) మాలో ఒకమ్మాయి పిన్ని వాళ్ళిల్లు వ్యాసర్పాడిలో ఉంది కాబట్టి రూము ఖర్చు లేదు. శనివారం ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి శిల్పాలు చూశాం. పాలరాళ్ళు అంటారు గానీ అది మన పల్నాటి వైపు సున్నపురాయేనట, 1845లో ఎలియట్ అనే దొర తవ్వించి మద్రాసు చేర్చాడట. మన రాళ్ళు చూడ్డానికి అంత దూరం పోయి టికెట్ కొనుక్కున్నాం అని నవ్వుకున్నాం. సాయంత్రం మెరీనా, శనగ గుగ్గిళ్ళు, ఫోటోలు, ఇక ఒక బండి దగ్గర ఐస్ వేసిన చెరకు రసం. ఆ ఐస్ వద్దని నేను అననే లేదు. ఇద్దరం తాగాం, నాకేమీ కాలేదు. అదెందుకో నాకు ఇప్పటికీ అర్థం కావట్లేదు.

ఆదివారం పొద్దున మైలాపూరులో పొట్టి శ్రీరాములు గారు 1952లో ప్రాణం విడిచిన చోట ఉన్న స్మారక భవనానికి వెళ్ళాలని తనే ప్లాన్ వేసింది. తనది కనిగిరి వైపు, ఆయన పెద్దలదీ అటేనని తనకి గొప్ప. నెల్లూరు వాళ్ళకి జిల్లా పేరు మాత్రమే దక్కింది, మనిషి మావాడు అని మమ్మల్ని ఉడికిస్తూ ఉంటుంది. ఆ ఇల్లు చూడలేదు. తెల్లారేసరికి వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి.

ఇక్కడ తప్పు నాదే అని ముందే ఒప్పుకుంటా. పిన్ని ఉండమని ఎంతో చెప్పింది. మధ్యాహ్నం పినాకిని ఎక్స్‌ప్రెస్‌కి మా ఆరుగురికీ టికెట్లున్నాయి, తను లేవలేకపోయింది, మిగతా నలుగురినీ మేమే పొమ్మన్నాం. సాయంత్రానికి కాస్త తగ్గినట్టనిపించింది. సోమవారం పొద్దున క్లినికల్ డ్యూటీ. క్లినికల్స్‌కి నూరు శాతం హాజరు ఉంటేనే డిగ్రీ చేతికొస్తుంది, ఒక్క రోజు పోయినా ఎప్పుడో ఒకప్పుడు బదులు చెయ్యాలి. దానికి తోడు హాస్టల్ అవుట్‌పాస్ ఆదివారం రాత్రి దాకానే. ఆ టెన్షన్‌లో లోకల్ రైలు పట్టుకుని సూళ్లూరుపేట చేరితే అక్కణ్ణించి ఏదో ఒక బస్సు దొరక్కపోతుందా అని బయల్దేరాం. రోగుల్ని చూసుకోవడం నేర్చుకునే వాళ్ళకి జబ్బు చేస్తే సెలవు అడగాలంటే భయం. ఇది ఎవరికి చెప్పుకోవాలో నాకైతే తెలీదు.

ఆ లోకల్ గురించి కూడా చెప్పాలి. సెంట్రల్ నుంచి సూళ్లూరుపేట 80 కిలోమీటర్ల పైనే, రెండు గంటల పైన ప్రయాణం, బండిలో బాత్‌రూము ఉండదు. ఊళ్ళో తిరిగే బండి కదా అనుకుంటారేమో గానీ అది ఒక రాష్ట్రంలో బయల్దేరి ఇంకో రాష్ట్రంలో ఆగుతుంది. మామూలప్పుడు పట్టించుకోం. ఆరోజు గుమ్మిడిపూండి ఇంకా రాకుండానే తనకి మళ్ళీ మొదలైంది. పక్కనున్న వాళ్ళు జరిగారు. తప్పు పట్టను, ఎవరైనా జరుగుతారు. నేను కవర్ కోసం బ్యాగంతా వెతుకుతున్నా, దొరకట్లేదు, ఎదురు సీటు కింద నుంచి ఒక సత్తు బేసిను జారుకుంటూ వచ్చి తన కాళ్ళ దగ్గర ఆగింది.

"ఇందులో కక్కు అమ్మణ్ణీ. కడిగితే పోద్ది."

అప్పుడు తలెత్తి చూశా. యాభై దాటి ఉంటాయి. చేపలమ్ముకునే ఆమె, పొద్దున పులికాట్ రొయ్యలూ చేపలూ పట్నం తీసుకుపోయి అమ్మి ఖాళీ బేసినుతో ఇంటికి పోతోంది. బేసిను అంచుల్లో పొలుసులు అంటుకుని ఉన్నాయి, బండి లైటుకి తళుక్కుమంటున్నాయి. తను వాంతి చేసుకుంటుంటే ఆ పొలుసులే చూస్తూ ఉండిపోయా నేను. మళ్ళీ రేపు పొద్దున అదే బేసినులో సరుకు వేసుకోవాలి కదా ఆమె, అని ఒకటే ఆలోచన. అదే మాట అంటే, "చేపలేసే దానికి మడేంది" అని నవ్వింది.

తర్వాత జరిగింది రాయాలా వద్దా అని తననే అడిగా. రాయి అంది. బట్టలు పాడైపోయాయి. ఆ అక్క మమ్మల్ని మధ్యలో ఒక స్టేషన్‌లో దింపింది, మాతో తనూ దిగింది. అక్కడ ఆడవాళ్ళ బాత్‌రూముకి తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో ప్లాట్‌ఫాం మీద ఎవ్వరికీ తెలీదు. వాన పడుతోంది. ఆమె స్టేషన్ వెనకాల ఒక ఇంటి తలుపు కొట్టి, అరవంలో ఏదో చెప్పి, పెరట్లో పంపు దగ్గర తనని కూర్చోబెట్టి కడిగింది. గ్లవుజులు లేవు, ముక్కుకి కొంగైనా అడ్డం పెట్టుకోలేదు. లెగ్గింగ్ విప్పించి, ఆ ఇంటావిడ ఇచ్చిన సబ్బు ముక్కతో రెండుసార్లు ఉతికి, గట్టిగా పిండి, దులిపి, మడిచి ఆ బేసినులోనే పెట్టుకుంది. తన తువ్వాలు తీసి లుంగీలాగా మా పిల్లకి చుట్టింది. ఇంత పనీ చేస్తూ ఆ రోజు వంజరం చేప రేటు గురించి మాట్లాడుతోంది. మా పిల్ల సిగ్గుపడకుండా ఉండాలని అలా మాట్లాడిందని నాకు నిన్న రాత్రి తట్టింది.

నేను టీ కొట్టు నుంచి కూల్‌డ్రింక్ తెచ్చి తాగించబోయా. నేను! ఓఆర్‌ఎస్ ప్యాకెట్లో ఏముంటుందో నిద్రలో లేపి అడిగినా చెప్తా, లీటరుకి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడు 1.5, సిట్రేటు 2.9. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నా. ఆ నిమిషంలో ఒక్క ముక్క గుర్తు రాలేదు, చేతులు వణుకుతున్నాయి. ఆమె ఆ సీసా లాక్కుని పక్కన పెట్టి, "తీపి నీళ్ళు తాగిస్తే ఇంకా పోతాది" అని, టీ కొట్టాయన దగ్గర లీటరు నీళ్ళ సీసాలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు వేయించి ఊపింది. టీస్పూనుతో, అంచుకి గీసి మరీ. వాళ్ళ చిన్నోడికి ఎప్పుడో విరేచనాలైతే అంగన్‌వాడీ టీచరు నేర్పిందట. తను గటగటా తాగబోతే ఆపింది. చెంచా చెంచా. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్ళీ చెంచా. పుస్తకంలో ఉన్నదీ అదే. గంట తర్వాత వచ్చిన బండి ఎక్కేదాకా ప్లాట్‌ఫాం మీద కూర్చుని అలా పోస్తూనే ఉంది.

బండెక్కాక తడ వచ్చింది. "అక్కా, మీరు దిగాల్సింది ఇక్కడే కదా" అన్నా. "తడ యాడికి పోద్ది లే, రేపూ ఈడే ఉంటాది" అంది. అంతవరకూ ఏడవలేదు నేను. అక్కడ ఏడ్చా, బోగీలో అందరూ చూస్తున్నా ఆపుకోలేకపోయా. ఆమె నన్నేమీ ఓదార్చలేదు, చెంచా నా చేతికిచ్చి "నువ్ పొయ్యి ఇప్పుడు" అంది.

సూళ్లూరుపేటలో దిగేసరికి పదిన్నర దాటింది. ముందు వెళ్ళిన ప్రైవేటు ఆసుపత్రి పేరు రాయను. ఐదు వేలు కడితేనే బెడ్డు అన్నారు. నా దగ్గర 380 రూపాయలున్నాయి, ఫోన్ నాలుగు శాతం, డబ్బులు పంపుదామంటే స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంది. మనిషి కౌంటర్ మీదకి వాలిపోతుంటే ఆధార్ జిరాక్స్ ఉందా అంటారు. అక్క తన బేసిను ఎత్తి కౌంటర్ మీద పెట్టి "ఇది తాకట్టు పెట్టుకోండయ్యా, పొద్దున డబ్బు కట్టి ఇడిపించుకుంటా" అంది. వెటకారమో నిజమో నాకు తెలీలేదు. అక్కడ కూర్చున్నతను మాత్రం "పక్కకి తియ్యమ్మా, వాసన" అన్నాడు. నేనూ రేపు ఇలాంటి కౌంటర్ల వెనకాలే పని చెయ్యాలి కదా అనిపించింది.

సర్కారు ఆసుపత్రిలో మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు, ముందు పడుకోబెట్టారు. బీపీ 80 మీద 50. నరం దొరక్క సిస్టర్ మూడోసారికి పట్టుకుంది, ఆర్‌ఎల్ డ్రిప్ రెండు సీసాలు గబగబా ఎక్కించారు. ఆ డాక్టర్ గారికీ ఆ సిస్టర్‌కీ కాళ్ళకి దండం. నేను నర్సింగ్ అని తెలిసి సిస్టర్ "అయితే ఏడుస్తూ కూర్చోకుండా యూరిన్ ఎంత వస్తుందో రాయి" అని చార్ట్ చేతిలో పెట్టింది. ఆ తిట్టు కూడా బాగుంది ఆ టైములో.

ఒంటిగంటన్నర దాకా అక్క మంచం పక్కన నేల మీదే కూర్చుంది. ఉతికిన లెగ్గింగ్‌ని ఫ్యాన్ కింద కిటికీ ఊచకి ఆరేసింది. వాళ్ళ అబ్బాయి బైక్ మీద వచ్చాక లేచి, రొంటిన దోపుకున్న ప్లాస్టిక్ కవర్ తీసి, అందులోంచి ఐదు వందలు నా చేతిలో పెట్టింది. తడి నోట్లు, వందలూ యాభైలూ. వద్దంటే "పొద్దున టిఫినుకి, బస్సుకి ఏం చేస్తావు" అంది. నంబర్ ఇవ్వండి పంపిస్తా అంటే ఆమె ఫోన్‌లో అలాంటివేవీ లేవట. కొడుకు నంబర్ ఇవ్వబోతే ఇవ్వనియ్యలేదు. పేరైతే చెప్పింది. రాస్తానంటే "పేపర్లో ఏస్తారా ఏంది, వద్దులే" అంది, అందుకే రాయట్లేదు. "రొట్టెల పండక్కి నెల్లూరు వస్తాగా ఏటేటా, చెరువు కాడ కనపడు, అప్పుడీ" అని వెళ్ళిపోయింది. రెండేళ్ళ కిందట ఆ పండగలో, ఇల్లు కావాలని మొక్కుకుని ఇంటి రొట్టె తీసుకుందట, ఇంకా గోడలే లేచాయట, కప్పు పడితే తనే రొట్టె తెచ్చి ఎవరికైనా ఇవ్వాలట. వానలో బైక్ వెనకాల కూర్చుని బేసిను తల మీద బోర్లించుకుని పోయింది, గేటు దాటేదాకా దాని మీద చినుకులు పడే చప్పుడు వినిపించింది.

మూడేళ్ళుగా నెల్లూరులో ఉంటున్నా, ఆ రొట్టెల పండగ జరిగే బారాషహీద్ దర్గాకి ఒక్కసారైనా పోలేదు, ఆ రోజుల్లో ట్రాఫిక్ అని విసుక్కోవడం తప్ప. ఆ ఐదు వందలూ వేరే నోట్లతో మార్చలేదు, అవే నోట్లు డబ్బాలో పెట్టా. మా నాన్న ఫోన్ అందగానే కావలి నుంచి తెల్లారేసరికి వచ్చేశాడు, బస్సు ఖర్చులకి నోట్లు తియ్యాల్సిన పని పడలేదు. అమ్మ చారన్నం పంపింది. తనవాళ్ళు కూడా కనిగిరి నుంచి వచ్చారు. వీళ్ళకి ఇక్కడ థాంక్స్ చెప్తే "ఇదేం కొత్త" అని తిడతారు, కాబట్టి చెప్పట్లేదు. ఇప్పుడు సమస్యేంటంటే, స్వర్ణాల చెరువు దగ్గర లక్షల జనంలో ఆమెని ఎలా పట్టుకోవడం. తడ వెళ్ళి జాలర్ల కుప్పాల్లో అడుగుదాం, పండగ దాకా ఎందుకు అని మా పిల్ల గొడవ. ముందు నువ్వు లేచి నడువు అన్నా. తువ్వాలు కూడా మా దగ్గరే ఉంది, ఉతికి ఇస్త్రీ చేసి పెట్టాం.

ఇంకా చాలామంది ఉన్నారు, ఇప్పుడు గుర్తొస్తున్నారు. చక్కెర, ఉప్పు, సీసా అన్నింటికీ డబ్బులు తీసుకోని టీ కొట్టాయన. ముక్కూమొహం తెలియని వాళ్ళకి పెరటి తలుపు తీసిన ఆ ఇంటావిడ. వర్షంలో రెండు ఆసుపత్రులు తిప్పి "మీటర్ వేసుకోవడం రాదు నాకు" అని డబ్బు తీసుకోకుండా పోయిన ఆటో అన్న. వ్యాసర్పాడి పిన్ని, సారీ పిన్నీ, మీ మాట వినుంటే ఇదంతా ఉండేది కాదు. మా నలుగురు కోతులు, సోమవారం నా బదులు డ్యూటీ రాయించుకోవడానికి ఇన్‌చార్జి మేడంతో కొట్లాడినందుకు. అది కుదరలేదు, మాకిద్దరికీ ఆబ్సెంటే పడింది, అయినా థాంక్స్.

అయ్యో, ఇంకొకరు. లోకల్‌లో పవర్ బ్యాంక్ ఇచ్చిన తమ్ముడూ, నువ్వు ఆరంబాక్కంలో దిగేటప్పుడు పవర్ బ్యాంక్ ఇచ్చేశా గానీ కేబుల్ నా ఫోన్‌కే ఉండిపోయింది. టైప్‌-సి, తెల్లది, చివర పసుపు టేపు చుట్టి ఉంది. ఇది చూస్తే మెసేజ్ పెట్టు.