మంత్రిగారూ, ఫెస్టివల్ మళ్ళీ పెడుతున్నారట, మరి మా షెడ్డు సంగతేంటండి?

గౌరవనీయులైన మంత్రిగారికి నమస్కారమండి.

నేను కోనసీమలో రోడ్డు పక్కన చిన్న భోజనం హోటల్ నడుపుతున్నాను. పోయిన సంక్రాంతికి ఫుడ్ ఫెస్టివల్ పెట్టినప్పుడు స్టేజీ మీద మీరిచ్చిన మాట గురించే ఈ ఉత్తరం. వంతెన దిగాక రోడ్డు వార కూర్చుని అమ్ముకునే ఆడాళ్ళకి షెడ్డు వేయిస్తాం, ఏ కాలంలో దొరికే తిండి ఆ కాలంలో అక్కడే అమ్ముకోవచ్చు, నీళ్ళు బాత్రూమ్ అన్నీ ఉంటాయి అన్నారు కదండి. మేమందరం చప్పట్లు కొట్టేం, నేనైతే ఇంటికొచ్చి మా వాళ్ళందరికీ చెప్పుకున్నాను. తర్వాత ఎవరో వచ్చి టేపు పెట్టి కొలిచి సున్నంతో గీతలు గీసేరు. అంతేనండి, ఆ గీతలు మొదటి వానకే పోయాయి. సోమవారం గ్రీవెన్సుల్లో అర్జీలు ఇచ్చాం, మీ ఆఫీసులోనూ ఇచ్చాం, ఆఖరికి ఫోనుకి మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడినది అని. ఎక్కడ పరిష్కారమయ్యిందో ఒక్కసారి వచ్చి చూపించండి సార్.

మీరు మాటిచ్చాక ముందు పనసకాయలు దిగాయి. మాఘమాసం దాటితే లేత కాయలు బళ్ళ మీద వస్తాయి, వాటిని పొట్టు కొట్టి అమ్మే ఆడాళ్ళు మా హోటల్ ఎదురుగానే కూర్చుంటారు. ఆ పని ఎప్పుడైనా దగ్గర్నుంచి చూసేరా అండి? చేతికీ కత్తికీ నూనె రాసుకుని, లేకపోతే జిగురు పట్టేసి వదలదు, కాయ చెక్కు తీసి ఒక చేత్తో తిప్పుకుంటూ రెండో చేత్తో టకటకా కొడుతుంటే పొట్టు రవ్వలా రాలాలి. ముక్క పెద్దదైతే కూర పనికిరాదు. పొట్టుని పసుపూ చింతపండు రసం వేసి ఉడకబెట్టి, ఎండుమిరపకాయ, ఇంగువ, జీడిపప్పు పోపు పెట్టి, దింపేక ఆవ కలుపుకోవాలి, పొయ్యి మీదే కలిపేస్తే చేదొస్తుంది. నా హోటల్లో ఆ సీజన్ అంతా ఆ కూర ఉంటుంది, హైదరాబాద్ నుంచి కార్లలో వచ్చేవాళ్ళు అది తిని ఎక్కడ కొన్నారమ్మా అని అడిగి ఇంటికి పట్టుకెళ్తారు. కానీ కొట్టిన పొట్టుకి ఎండ తగిలితే గంటలో నల్లబడిపోతుంది. గొడుగు ఒకటే ఉంటే దాన్ని పొట్టు మీద పెట్టి ఆమె ఎండలో కూర్చుంటుంది. బేరం లేని రోజు నల్లబడ్డ పొట్టు గేదెలకి పోసేస్తారు, ఆ రోజు కూలి లేనట్టే.

తర్వాత ముంజెలు. చెట్టు దిగిన రోజే తినాల్సిన సరుకు, మధ్యాహ్నం దాటితే రుచి పోతుంది. తడిగుడ్డ కప్పుకుని ఎన్నాళ్ళు లాగుతారండి, ఏప్రిల్ మే నెలల్లో, తారు రోడ్డు పక్కన?

ఇంక బాత్రూమ్ సంగతి. ఇది మగవాళ్ళ ముందు చెప్పుకోలేక ఆ ఆడాళ్ళు అర్జీలో కూడా రాయనివ్వలేదు, అందుకని నేను రాస్తున్నాను. పొద్దున్న ఆరింటికి లంకల్లోంచి బుట్టలతో వచ్చి చీకటి పడ్డాక వెళ్తారు, మధ్యలో వెళ్ళే చోటు లేక నీళ్ళు తాగడం మానేస్తారు. ఎండల్లో నీళ్ళు తాగకుండా! నా హోటల్ వెనకాల ఉన్నది వాడుకోండి అన్నాను, కొంతమంది వస్తారు, బేరం వదిలి రాలేక చాలామంది రారు. ఒకావిడ మా కళ్ళ ముందే పడిపోయింది, ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. బాత్రూమ్ ఒక్కటి కట్టడానికి ఏ ఫైలు ఎక్కడ ఆగిందో నాకు అర్థం కావట్లేదండి.

జూలై దాటేక గోదారి ఎర్రబడింది, పులస కబుర్లు మొదలయ్యాయి. నాకు పులస మీద కోపం లేదు, సముద్రంలోంచి ఏటికి ఎదురీదొచ్చే ఆ చేప రుచి వేరే, బెండకాయలూ వంకాయలూ వేసి పులుసు పెట్టి మర్నాడు తింటే ఇంకా బాగుంటుంది. అయితే సంక్రాంతి ఫెస్టివల్లో అంత పెద్ద బ్యానర్ మీద గోదావరి పులస అని వేసేరు చూడండి, ఆ రోజు చాలా బాధేసింది. జనవరిలో గోదాట్లో పులస ఎక్కడిదండి? అది వరదల్లో దొరికే చేప. ఐసు పెట్టెల్లో ఎక్కడినుంచో వచ్చిన సరుకుకి మా ఏటి పేరు పెట్టి అమ్మితే, వానాకాలంలో వలేసుకుని రాత్రంతా పడవలో కాసుకుని కూర్చునే మనిషికి విలువ ఏముంటుంది? అదే జనవరిలో మా దగ్గర తాటి టెంకల్లోంచి మొలిచే తేగలుంటాయి, వాటికి ఒక్క స్టాల్ లేదు. అడిగితే డిపాజిట్ కట్టాలన్నారు, బుట్ట సరుకు అమ్ముకునే మనిషి డిపాజిట్ ఎక్కడ తెస్తుంది? ఆ స్టాళ్ళలో నూడుల్సు, గోబీ మంచూరియా పెట్టేరు. అవి రోజూ ప్రతి సెంటర్లో దొరికేవే కదండి, దానికి గోదావరి రుచులు అని పేరెందుకు.

ఇప్పుడు మళ్ళీ తేగల కాలమే. భాద్రపదంలో తాటిపళ్ళు రాలితే గుజ్జు తీసి రొట్టె కాల్చుకుంటాం, ఆ టెంకలు పారెయ్యకుండా ఇసక నేలలో పాతరేస్తారు, కార్తీకం వచ్చేసరికి తవ్వుతారు. నడుము వంగిపోయే పని అది. తీసిన తేగల్ని కుండలో కుక్కి, బోర్లించి, ఎండు తాటాకు మంట పెట్టి కాలుస్తారు, పొగ కళ్ళలోకి కొడుతూ ఉంటుంది. కట్ట కట్టి అమ్మితే వచ్చేది ఎంతో మీకూ తెలుసు, మీరూ ఈ గాలి పీల్చి పెరిగినవాళ్ళే, చిన్నప్పుడు తేగ చీల్చి లోపలుండే చందమామ ముక్క కోసం తమ్ముళ్ళతో దెబ్బలాడే ఉంటారు. నిన్న మంచులో, తెల్లారగట్ట, కట్టలు పేర్చుకుని కూర్చున్న వాళ్ళని ఇసక లారీ ఒకటి ఆనుకుని వెళ్ళింది. అదృష్టం కొద్దీ కట్టలే చితికాయి. ఏదన్నా జరిగాక ఎక్స్‌గ్రేషియా ఇస్తారు, నాకు తెలుసు, అది మాకొద్దండి.

పోనీ రైతుబజార్లోకి వెళ్ళండి అంటే రైతు కార్డు అడుగుతారు, కార్డుకి పొలం పాసుపుస్తకం కావాలి. చెట్లు అద్దెకి తీసుకుని బతికే వాళ్ళకి పాసుపుస్తకం ఎలా వస్తుంది సార్? సూక్ష్మ ఆహార పరిశ్రమల స్కీములో 35 శాతం సబ్సిడీ, పది లక్షల వరకూ అన్నారు, మా గ్రూపు కూడా అప్లై చేసింది, చిన్న కోల్డ్ బాక్సు కోసం. ముందు బ్యాంకు లోను ఇవ్వాలి కదా, బ్యాంకాయన పనసపొట్టుకి లోనేంటమ్మా అన్నాడు. ఆ స్కీములో జిల్లాకో సరుకు అని మన జిల్లాకి కొబ్బరి పెట్టేరు, మంచిదే, కొబ్బరి రైతు కష్టం మాకు తెలియంది కాదు. మిగతావి కూడా తిండే కదా.

ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ, అంటే ఈ సరుకు ఈ ఊరిదేనని ప్రభుత్వమిచ్చే గుర్తింపు, వచ్చింది, చాలా సంతోషించాం, కుండ మీద రేకు తీసే చేతులకి గుర్తింపొచ్చిందని. అలాంటి పట్టింపు పొట్టు కొట్టే చేతుల మీదా కాస్త పెట్టండని అడుగుతున్నాం. బడి భోజనానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టేరు, ఆ తల్లి లంకల గన్నవరంలో ఏ వేళ ఎవరొచ్చినా అన్నం పెట్టింది. ఆ పేరుతో పెట్టే భోజనంలో మా పిల్లలకి కార్తీకంలో ఒక తేగ, వారానికోసారి రావులపాలెం చక్కెరకేళి ఇస్తే రైతుకీ బేరం, పిల్లలకీ బలం. ఇదీ రాసిచ్చాం, జవాబు లేదు. టూరిస్టులొచ్చే రిసార్టుల్లో కూడా పనీర్ బటర్ మసాలానే, కంద బచ్చలి కూర ఎక్కడా కనపడదు, ఏ కాలానికి ఆ కూర ఒక్కటైనా పెట్టాలని మీరొక మాట చెప్తే వింటారు కదండి. దయచేసి చెప్పండి.

ఈ సంక్రాంతికి మళ్ళీ ఫెస్టివల్ అని పోస్టర్లు పడ్డాయి. పెట్టండి, మేమూ వస్తాం. కానీ ముందు షెడ్డు వెయ్యండి, రేకులు వేసినా చాలు. మీరు స్టేజీ మీద చెప్పిన చోటే, రోడ్డుకి కాస్త ఎడంగా. షెడ్డు కన్నా ముందు బాత్రూమ్ కట్టించండి, తాళం మా చేతికివ్వండి, మేమే శుభ్రం చేసుకుంటాం. పనసకాయలు దిగడానికి ఇంకా రెండు నెలలు ఉంది. ఈలోపు ఎప్పుడు మొదలుపెడతారో తారీకు చెప్పండి, మెసేజ్ వద్దు, సంతకం పెట్టిన కాయితం పంపండి.

ఇట్లు,
మీకు ఓటేసిన, వంతెన పక్కన భోజనం హోటల్ నడుపుకునే ఒక ఆడబిడ్డ