మోవర్ గడ్డి వదిలేస్తోందా? ముందు సంచి చూడండి

నిన్న ఒక అన్న అడిగారు కదా, మోవర్ (గడ్డి కోసే మెషిన్) తిప్పాక లాన్ మీద గడ్డి ముద్దలు ముద్దలుగా మిగిలిపోతోందని. పోయిన నెల నాదీ అదే గోల. కొత్తది కొనేద్దామని డీల్స్ కూడా చూశాను, తీరా చూస్తే తప్పంతా కోసిన గడ్డి పడే సంచిది. మన డాలస్ దుమ్ముకి ఆ వల గుడ్డ రంధ్రాలన్నీ పూడిపోయాయి, గాలి బయటికి పోకపోతే బ్లేడు గడ్డిని సంచిలోకి ఎలా విసురుతుంది? పైపుతో గట్టిగా నీళ్లు కొట్టి, ఎండలో ఆరబెట్టాక సగం సమస్య తీరింది.

మిగతా సగం డెక్ (బ్లేడు మీద ఉండే కప్పు) కింద. స్పార్క్ ప్లగ్ వైరు పీకకుండా మాత్రం దాని జోలికి వెళ్లకండి, ఇది సీరియస్. ఎయిర్ ఫిల్టర్ పైకి ఉండేలా పక్కకి వంచండి, లేకపోతే ఇంజిన్‌లోని ఆయిల్ ఆ ఎయిర్ ఫిల్టర్‌లోకి దిగుతుంది. నా దాంట్లో పచ్చగడ్డి ఎండి, పిడకలా రెండు వేళ్ల మందాన అంటుకుపోయింది, ప్లాస్టిక్ గరిటెతో గీకాను (ఇంట్లో చెప్పలేదు).

బ్లేడు సాన పెట్టించాక తలకిందులుగా బిగించినవాణ్ని కూడా నేనే! వంపు తిరిగిన రెక్కలు డెక్ వైపు, అంటే పైకి ఉండాలి.

ఇంకోటి, స్ప్రింక్లర్లు ఆగిన వెంటనే కోయకండి, తడి గడ్డి ఏ మోవర్‌కైనా కష్టమే. ఊరెళ్లొచ్చి మోకాలెత్తు పెరిగితే ఒకేసారి కాకుండా, మూడో వంతు చొప్పున రెండు మూడు రోజుల తేడాతో కోయండి. అన్నా, మీ సంచి ఫోటో పెట్టండి ముందు.