మేడ్ ఇన్ ఇండోనేషియా గిటార్లు, వచ్చే నెల నుంచి మా ధరలు

మా గిటార్ షాపు కౌంటర్ దగ్గర మేం దాదాపు రోజూ వినే మాట ఒకటుంది: "వెనకాల మేడ్ ఇన్ ఇండోనేషియా అని ఉంది, దీనికి ముప్పై అయిదు వేలా అండీ?" వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మా దగ్గర ప్రతి కొత్త ఎలక్ట్రిక్ గిటార్ మీద 1,500 రూపాయలు పెరుగుతోంది. అందుకని ఆ ప్రశ్నకి జవాబు, ఈ పెంపు దేనికో రెండూ కలిపి చెప్పేస్తున్నాం.

ముందు ఆ ముద్ర సంగతి. 1970ల్లో జపాన్ గిటార్ అన్నా జనానికి ఇదే చిన్నచూపు. అమెరికా గిటార్లకి వాళ్లు చేసిన కాపీలు ఎంత బాగా కుదిరాయంటే, తమ హెడ్‌స్టాక్ (బిరడాలుండే తల భాగం) ఆకారం వాడుకున్నారని 1977లో అమెరికా కంపెనీ గిబ్సన్ వాళ్లు అక్కడ జపాన్ బ్రాండ్ ఐబనెజ్ అమ్మే ఎల్గర్ కంపెనీ మీద కేసు వేశారు. 1982 వచ్చేసరికి మరో అమెరికా కంపెనీ ఫెండర్ వాళ్లే జపాన్‌కి వెళ్లి, మట్సుమోటోలోని ఫుజిజెన్ ఫ్యాక్టరీలో గిటార్లు చేయించుకున్నారు. ఫెండర్ వాళ్ల చౌక బ్రాండ్ స్క్వయర్ గిటార్ల పుట్టుక అక్కడే. తర్వాత జీతాలు పెరిగేకొద్దీ పని కొరియాకి, అక్కణ్ణుంచి ఇండోనేషియాకి, చైనాకి జరిగింది. ఇవాళ ఇండోనేషియాలోని సురబయాలో కోర్‌టెక్ ఫ్యాక్టరీ సొంత కోర్ట్ గిటార్లతో పాటు అమెరికా కంపెనీ పీఆర్ఎస్ వాళ్ల ఎస్ఈ రకం గిటార్లూ చేస్తోంది. తమ చౌక బ్రాండ్ ఎపిఫోన్ కోసం గిబ్సన్ వాళ్లు చైనాలోని చింగ్‌డావ్‌లో ఏకంగా తమ ఫ్యాక్టరీయే పెట్టుకున్నారు.

బాడీ, నెక్ కోసేది కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ మిషను. నెక్ పాకెట్‌లో (నెక్ బాడీలో కూర్చునే గుంతలో) సందు, వంకరగా పడ్డ బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే ముక్క) లాంటివి ఇప్పుడు మంచి ఫ్యాక్టరీల సరుకులో చాలా అరుదు. మరి ధర ఎక్కడ తగ్గుతుంది? చివర్లో మనిషి కూర్చుని చేతితో చేయాల్సిన గంట, గంటన్నర పనిలో తగ్గుతుంది. ఫ్రెట్ల (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్ల) అంచులు నున్నగా చేయడం, నట్ (నెక్ పైకొనలో తీగలు ఆనే పట్టీ) గాడులు లోతుకి తీయడం, తీగల ఎత్తు సరిచేయడం లాంటివి అరకొరగా వదిలేస్తారు. మేం పెంచిన 1,500 ఆ గంటన్నరకే. ఇకపై ఈ పని, అంటే సెటప్, చేయని గిటార్ మా షాపు గడప దాటదు.

అన్నిటికన్నా ఎక్కువ చెడగొట్టేది నట్. తీగని మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి, మొదటి ఫ్రెట్ మీద తీగకింద సందు చూడండి. వెంట్రుకంత ఉంటే చాలు. కాగితం మూడు మడతలు వేసి దూర్చగలిగితే గాడి పైకి ఉన్నట్టే. అప్పుడు ఒకే వేలితో తీగలన్నీ నొక్కే ఎఫ్ బారే కార్డ్ పట్టుకోలేక కొత్తవాళ్లు తమ వేళ్లనే తిట్టుకుంటారు. ఓపెన్ కార్డులు కూడా శ్రుతి పెరిగి పలుకుతాయి. ఇంకో తంటా గాడి ఇరుకుగా ఉండటం. 9 గేజ్ సెట్‌లో (మొదటి తీగ మందం 0.009 అంగుళం) మూడో తీగ, అంటే జి తీగ, 0.016 అంగుళం. దాని గాడి 0.018 దాకా ఉండాలి. ఇరుకైతే బిరడా తిప్పుతున్నా శ్రుతి కదలదు, ఇంకాస్త తిప్పితే నట్ దగ్గర 'టిక్' మని ఒక్కసారిగా పైకి దూకుతుంది. గమకాలు లాగి వాయించేవాళ్లకి ఇది నరకం, లాగిన తీగ మళ్లీ చోటుకి రాదు. జనం బిరడాలు బాగాలేవని వాటిని మార్చేస్తుంటారు. తప్పు బిరడాలది కాదు. ఇంట్లో చేయదగ్గ చిట్కా ఒకటే: తీగ పక్కకి తీసి, గాడిలో మెత్తటి పెన్సిల్ ములుకు రుద్దండి. ఆకురాయి పట్టడం మాత్రం మాకు వదిలేయండి, ఒక్క తోపు ఎక్కువైతే నట్ కొత్తది వేయాల్సిందే.

ఫ్రెట్ల అంచులది వాతావరణం గొడవ. గాలిలో బాగా తేమ ఉండే చోట తయారైన నెక్ ఏప్రిల్‌లో హైదరాబాద్ ఎండు గాలికి కుంచించుకుపోతుంది. కర్ర ముడుచుకుంటుంది కానీ ఫ్రెట్ తీగ లోహం కాబట్టి అంతే ఉంటుంది, అంచులు బయటికి పొడుచుకొచ్చి అరచేతిని గీరతాయి. ఇది గిటార్ లోపం కాదు. వానాకాలంలో ఈ అంచుల్ని ఆకురాయితో రాయమని అడక్కండి. అప్పుడు కర్ర ఉబ్బి ఉంటుంది, రాసినా మళ్లీ వేసవికి అంచులు తేలతాయి. ఈ ఒక్క పని మార్చి, మే మధ్య చేయించుకోండి. ఏడాది లోపు కొన్నవాళ్లకి ఉచితం. విశాఖ, కాకినాడ వాళ్లకి ఈ బాధ ఉండదు. అక్కడ బ్రిడ్జి మీద తీగల ఎత్తు సరిచేసే సాడిల్ స్క్రూలు తుప్పు పట్టి బిగుసుకుంటాయి, మూణ్నెల్లకోసారి ఒక్కో చుక్క మిషన్ ఆయిల్ వేయండి.

ఫింగర్‌బోర్డు (ఫ్రెట్లు దిగేసిన నెక్ మీది పలక) రోజ్‌వుడ్ కాదని నొచ్చుకునేవాళ్లూ ఉన్నారు. 2017లో రోజ్‌వుడ్ జాతి మొత్తం సైటిస్ (అంతరించే ముప్పున్న జీవజాతుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) ఆంక్షల్లోకి వచ్చింది. ఆ తర్వాత చాలా కంపెనీలు ఇండియన్ లారెల్‌కి మారాయి. 2019 చివర్లో తయారైన వాయిద్యాలకి సడలింపు ఇచ్చినా, మారినవాళ్లు చాలామంది వెనక్కి రాలేదు. ఈ లారెల్ మరేదో కాదు, మన అడవుల్లోని నల్లమద్దే. గట్టి కర్ర. రంగు కాస్త పాలిపోయి ఉంటుంది, ఆర్నెల్లకోసారి లెమన్ ఆయిల్ రాస్తే నిగ్గు వస్తుంది. వార్నిష్ వేసిన మేపుల్ బోర్డుకి మాత్రం ఆయిల్ వద్దు.

మా సెటప్ కొలతలు ఇవి, ఇంట్లో చూసుకోండి. మొదటి ఫ్రెట్‌కి కాపో (తీగలన్నీ నొక్కిపట్టే క్లిప్పు) పెట్టి చివరి ఫ్రెట్ నొక్కితే, ఏడు ఎనిమిది ఫ్రెట్ల దగ్గర తీగకింద సందు 0.2 నుంచి 0.25 మి.మీ. పన్నెండో ఫ్రెట్ మీద తీగ ఎత్తు మొదటి తీగకి 1.6, ఆరో తీగకి 2 మి.మీ. ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే లోపలి కడ్డీ) తిప్పాల్సి వస్తే ఒకసారికి పావు చుట్టే, మళ్లీ శ్రుతి చేసి చూశాకే ఇంకో పావు.

లోపలి వైరింగు దగ్గర చౌకతనం కనిపిస్తుంది, దాచేదేం లేదు. చిన్న వాల్యూం పాట్లు (నాబ్ కింద తిరిగే భాగాలు) రెండేళ్లకి గరగరమంటాయి. కేబుల్ గుచ్చే జాక్‌ని బిగించే మర వదులైనప్పుడు వేళ్లతో బయటినుంచి తిప్పేస్తే లోపల వైరు తెగుతుంది, ప్లేటు విప్పి జాక్‌ని పట్టుకుని బిగించాలి. "గుంయ్" మంటోందని తెచ్చే గిటార్లలో చాలావాటికి జబ్బు ఇంటి ప్లగ్గులో ఉంటుంది. తీగలు ముట్టుకుంటే హోరు తగ్గితే గిటార్ వైరింగు బాగానే ఉన్నట్టు, ఇంటి ఎర్తింగ్ చూపించుకోండి. ముట్టుకున్నా తగ్గకపోయినా, పెరిగినా బ్రిడ్జికి వెళ్లే వైరు ఊడి ఉండొచ్చు, మా దగ్గరికి తెండి.

మా ఉద్దేశంలో డబ్బుకి తగ్గ సరుకు పాతిక వేల నుంచి నలభై అయిదు వేల మధ్యలో ఉంది. అంతకు పైన కట్టేదాంట్లో చాలా భాగం పికప్‌లకి (తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చేవి), ఫినిష్‌కి పోతుంది. ఆంప్, బ్యాగు, బెల్టు అన్నీ కలిపి ఎనిమిది వేలకిచ్చే పేరులేని సెట్లు ఇక తెప్పించడం లేదు. వాటిలో ఫ్రెట్ల ఎత్తే ఒకలా ఉండదు, వాటిని సమం చేసే కూలి గిటార్ ధరలో సగం. ఆన్‌లైన్‌లో ఇరవై వేలకి దొరికే 'గిబ్సన్ లెస్‌పాల్' అసలుది కాదు. ట్రస్ రాడ్ మూతకి మూడు స్క్రూలుంటే ఇక చూడక్కర్లేదు, అసలుదానికి రెండే. అలాంటివి రిపేరు చేస్తాం, ఆ పేరుతో తిరిగి కొనం.

ఇప్పటికే అడ్వాన్సు కట్టినవాళ్లకి పాత ధరే, సెటప్ మాత్రం కొత్త పద్ధతిలోనే. కొరియర్‌లో పంపేవాళ్లు తీగల శ్రుతి రెండు మెట్లు దించి, నట్ ఉన్నచోట నెక్ కింద బట్ట మడత పెట్టి పంపండి.