పిల్లల మొహాలు చూసేదెవరు?

సంపాదకుడు గారికి, నమస్కారం.

పది రోజుల కిందట మీ పత్రిక విశాఖ పేజీలో ఒక ఫొటో వేశారు. పిల్లల మానసిక ఆరోగ్యంపై బడి సిబ్బందికి అవగాహన సదస్సట. వేదిక మీద పదకొండు మంది, పదకొండు శాలువాలు, ముందు దీపం. ఎవరెవరు పాల్గొన్నారో పేరుపేరునా రాశారు. పిల్లో పిల్లాడో బెంగపడితే ఎవరు కనిపెట్టాలి, కనిపెట్టాక ఎవరికి చెప్పాలి అన్నది మాత్రం ఒక్క ముక్క లేదు. అప్పుడే రాద్దామనుకున్నాను, మోకాళ్ల నొప్పులతో కుదరలేదు.

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. స్కూలు టైము బస్సుల్లో ఏళ్ల తరబడి పాసులు చూశాను. రోజూ కిటికీ పక్కన కూర్చునే పిల్ల ఆ రోజు డ్రైవరు వెనక ఎందుకు నక్కిందో, తన స్టాపు వచ్చినా కుర్రాడు ఎందుకు దిగడం లేదో, పాసు కంటే ముందు అదే కంటపడేది. దీనికి డిగ్రీ అక్కర్లేదు. తలెత్తి చూసే తీరిక ఉండాలి.

ఈమధ్య మా మనవరాలి విషయంలో జరిగింది చెబుతాను. ఎనిమిదో తరగతి, ప్రైవేటు స్కూలు. స్లిప్ టెస్టుల్లో మార్కులు తగ్గాయని ఏ సెక్షన్ నుంచి తీసుకెళ్లి సీ సెక్షన్‌లో పడేశారు. స్కూలు వాళ్లు మాకు చెప్పలేదు, సిగ్గుతో పిల్లా చెప్పలేదు. ఆరుగురు టీచర్లు ఆ గదిలోకి వచ్చి పోతుంటారు, ఒక్కరికీ తేడా తెలియలేదు. తెలిసింది ఆయాకి. గేటు దగ్గర నన్ను పక్కకి పిలిచి, "బాబుగారూ, పాప మూడ్రోజులై బాక్సు మూత తీయట్లేదండి. అడిగితే కడుపు నొప్పంటంది. ఇంట్లో ఏటైనా అయిందేటండి?" అంది. ఆవిడ అడిగిన ఆ ఒక్క మాటకి పదకొండు శాలువాలూ సరిపోవు.

ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్తే "పాపకి కౌన్సెలింగ్ ఇస్తాం" అన్నారు. ఇచ్చారు. ఆఫీసు రూములో నిలబెట్టి, మా అబ్బాయినీ కోడలినీ పిలిపించి, అరగంట సేపు మార్కుల షీట్లు చూపించారు. మనకి కౌన్సెలింగ్ అంటే తెలిసినవి రెండే కదా: స్టేషన్‌లో రౌడీషీటర్లకి ఇచ్చేది ఒకటి, ఇంజినీరింగ్ సీటు కోసం జరిగేది ఇంకోటి. స్కూళ్లు మొదటిదాన్ని ఎంచుకున్నట్టున్నాయి.

ఇది వేరే ఊళ్లో అయితే తెలియక చేశారనుకుందును. 2023 జూలైలో, నీట్ కోచింగ్ కోసం పశ్చిమ బెంగాల్ నుంచి మన ఊరు వచ్చి హాస్టల్లో ఉంటున్న 17 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. ఆ తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2025 జూలై 25న తీర్పు ఇస్తూ కేసును సీబీఐకి అప్పగించడమే కాకుండా, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ కోర్టు మార్గదర్శకాలు పెట్టింది. 100 మంది, ఆ పైన పిల్లలుంటే అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలి. వీలైనంతవరకు మార్కుల్ని బట్టి బ్యాచీలు విడగొట్టకూడదు, అందరిలో అవమానించకూడదు. మనసు బాగోలేనివాళ్లు ఫోన్ చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 తరగతుల్లో, హాస్టళ్లలో పెద్దక్షరాలతో కనిపించాలి. పాఠాలు చెప్పేవాళ్లకే కాదు, చెప్పని సిబ్బందికి కూడా ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. అంటే ఆయాకి, వాచ్‌మన్‌కి, బస్సు క్లీనర్‌కి కూడా. మన ఊరి కేసులోంచి పుట్టిన తీర్పు ఇది. మా మనవరాలి స్కూలు గోడ మీద ర్యాంకుల ఫ్లెక్సీ రెండంతస్తుల ఎత్తుంది. 14416 కోసం వెతికాను, ఎక్కడా లేదు.

టీచర్లనీ పూర్తిగా తప్పు పట్టలేను. మా చిన్న కోడలు గవర్నమెంటు స్కూల్లో టీచరు. పొద్దున్నే అటెండెన్స్ యాప్, ఆ తర్వాత భోజనాల లెక్క, ఆ పైన ఏదో ఒక ఫొటో. పిల్లల మొహాలకంటే ఫోను మొహమే ఎక్కువ చూస్తున్నానంటుంది. మా వీధి అంగన్‌వాడీ అమ్మాయిదీ ఇదే గోల. చంటిపిల్లల్ని తూకం వేయాలి, గుడ్డు ఉడకబెట్టాలి, నెట్ రాకపోయినా వివరాలన్నీ ఫోనులోకి ఎక్కించాలి. ఈ అంగన్‌వాడీ వాళ్లే 2023 డిసెంబరులో మొదలుపెట్టి 42 రోజులు సమ్మె చేస్తే మనం ట్రాఫిక్ ఆగిందని విసుక్కున్నాం. ఒక బిడ్డ ఇంట్లో దెబ్బలు తింటోందో, సరిగ్గా తింటోందో లేదో ముందు తెలిసేది ఈ అమ్మాయికే. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాల్సి వస్తే చేయగలిగేదీ ఈవిడే. ఆ అమ్మాయిని కూర్చోబెట్టి, ఇలాంటప్పుడు ఏం చేయాలో చెప్పినవాళ్లు ఉన్నారా?

చేయాలనుకుంటే మనవాళ్లు చేయలేనిది లేదు. 2025 జూన్ 21న ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా 3 లక్షల మందిని యోగాకి కూర్చోబెట్టారు. అన్ని చాపలు సమకూర్చినవాళ్లకి స్కూలుకో కౌన్సెలర్ దొరకడా? దానికి బదులు అవగాహన నడకలని పిల్లల్ని తెల్లవారుజామునే లేపి, టోపీలు పెట్టి, బీచ్ రోడ్డు మీద నడిపిస్తారు. వాళ్లని కాసేపు నిద్రపోనిస్తే అదే పెద్ద ఆరోగ్యం.

మనవరాలు ఇప్పుడు తింటోంది. సెక్షన్ మాత్రం సీయే. ఆయా మాతో మాట్లాడిందని తెలిసి, "నీ పని నువ్వు చూసుకో" అని గట్టిగా మందలించారట. అందుకే ఈ ఉత్తరంలో స్కూలు పేరు రాయలేదు. నా పేరు కూడా వేయకండి. నన్నేం చేస్తారని కాదు, పేరు కనబడితే ఆయమ్మ ఉద్యోగం పోతుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కండక్టర్,
కంచరపాలెం, విశాఖపట్నం