మా పాప ఫిట్స్‌కు కారణమేంటో ఊరు కాదు, పరీక్ష చెప్పాలి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

అనంతపురం జిల్లా కల్యాణదుర్గం దగ్గర పల్లె మాది. మా పాపకు ఎనిమిదో నెలలో జ్వరం వచ్చి, దాంతోపాటే ఫిట్స్ వచ్చింది. చేతిలో తాళాలు పెట్టారు, ఉల్లిపాయ వాసన చూపించారు, అరగంటైనా ఆగలేదు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేసరికి ఊళ్లో తీర్పు కూడా అయిపోయింది. మా తాత తమ్ముడికి మూర్ఛ ఉండేదట, పైగా మాది మేనరికం. ఇంకేం కావాలి? నా పుట్టింటి రక్తమే కారణమన్నారు. ఆ మాట ఎక్కడిదాకా పోయిందంటే, మా ఆడబిడ్డకు కుదిరిన సంబంధం వెనక్కి పోయింది. మూర్ఛ ఉందన్న కారణంతో పెళ్లికి అడ్డు చెప్పే మాటను 1999లోనే హిందూ వివాహ చట్టం నుంచి తీసేశారు. మా ఆడబిడ్డకైతే ఆ జబ్బే లేదు.

దగ్గర్లోని ప్రైవేటు డాక్టరు కార్బమజపిన్ అనే ఫిట్స్ మందు రాశారు. వేసేకొద్దీ ఫిట్స్ ఎక్కువయ్యాయి. తలకు వేడినీళ్లు పోసినా వచ్చేవి. చివరికి బెంగళూరు తీసుకుపోతే అక్కడ జన్యు పరీక్ష చేయించమన్నారు. ఆ ఏడు శెనక్కాయలు అమ్మిన డబ్బులో సగం దానికే పోయింది. పాపకున్నది డ్రావే సిండ్రోమ్ అని, అంటే పసితనంలోనే మొదలయ్యే ఒక తీవ్రమైన మూర్ఛ రకమని, ఎస్‌సీఎన్1ఏ అనే జన్యువులో మార్పు వల్ల వచ్చిందని తేలింది. మా ఇద్దరి రక్తం కూడా చూశారు. ఆ మార్పు నాలో లేదు, మా ఆయనలో లేదు. పాపలోనే కొత్తగా వచ్చింది. ఈ జబ్బున్న పిల్లల్లో ఎక్కువమందికి ఇలాగే వస్తుందట. ఈ రకానికి కార్బమజపిన్, ఫెనిటాయిన్ లాంటి మందులు మంచి కంటే చెడే చేస్తాయని చెప్పి, వాల్‌ప్రోయేట్, క్లోబజామ్‌కు మార్చారు. ఫిట్స్ పూర్తిగా పోలేదు గానీ, బాగా తగ్గాయి.

వంశానికీ ఫిట్స్‌కూ సంబంధమే లేదని నేననడం లేదు. జ్వరంతో వచ్చే మామూలు ఫిట్స్ కొన్ని కుటుంబాల్లో కనబడుతూనే ఉంటాయి, చాలామంది పిల్లలకు ఐదారేళ్లకల్లా పోతాయి. విటమిన్ బీ6తో అదుపులోకొచ్చే ఒక రకం ఉంది. అది తల్లీతండ్రీ ఇద్దరి దగ్గర్నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే వస్తుంది కాబట్టి, దగ్గరి సంబంధాల్లో దాని ప్రమాదం నిజంగానే ఎక్కువ. మరోపక్క పుట్టగానే ఏడవక మెదడుకు ఆక్సిజన్ అందని పిల్లలకు, మెదడువాపు వచ్చిన పిల్లలకు వచ్చే ఫిట్స్‌ను వంశానికి అంటగట్టడం అన్యాయం. తల్లికో తండ్రికో మూర్ఛ ఉన్నా, నూటికి 90 మందికి పైగా పిల్లలకు అది రాదు. ఏది ఏ రకమో రచ్చబండ దగ్గర తేలేది కాదు కదా సార్.

అందుకే అడుగుతున్నాను. అనంతపురం సర్వజన ఆసుపత్రిలో వారానికి ఒక్కరోజైనా జన్యు వైద్యుల ఓపీ పెట్టించండి. రక్తం ఇక్కడ తీసుకుని హైదరాబాద్ పంపినా చాలు. డాక్టరు రాసిన పరీక్షకు ప్రభుత్వమే డబ్బు కట్టాలి. బడులకు, అంగన్‌వాడీలకు వచ్చే బాల స్వాస్థ్య బృందాలు ఫిట్స్ ఉన్న పిల్లల పేర్లు రాసుకుని ఊరుకోకుండా, ఆ ఓపీకి పంపాలి. ఫిట్స్ ఐదు నిమిషాలు దాటితే ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే ప్రతి పీహెచ్‌సీలో ఉండాలి. దానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఇంకొకటి. రెండో బిడ్డను కనొచ్చా అని నేను చాలామందిని అడిగాను. ఒకరు వద్దే వద్దన్నారు, ఇంకొకరు దేవుడి మీద భారం వేయమన్నారు. మార్పు కొత్తగా వచ్చినదైనా, అరుదుగా అమ్మానాన్నల్లో కొన్ని కణాల్లో దాగి ఉండొచ్చని, ప్రమాదం తక్కువే గానీ కడుపులో ఉండగానే పరీక్ష చేయొచ్చని కూర్చోబెట్టి చెప్పింది బెంగళూరు డాక్టరమ్మ ఒక్కతే. అలా చెప్పే మనిషిని మా జిల్లాలో నియమించండి.

ఇట్లు,
ఒక తల్లి,
కల్యాణదుర్గం ప్రాంతం, అనంతపురం జిల్లా