ఫాల్స్ సీలింగ్ పైన ఏముందో నేను చూళ్లేదు

మన దగ్గర రిపేరు ఎస్టిమేట్ వేయించుకుని పాత ఇళ్లు కొనుక్కునే వాళ్లందరికీ ఈ సంగతి నా నోటితోనే తెలియాలి. విజయనగరం ఎంత ఊరని, గంటస్తంభం దగ్గర అన్న మాట కోట దాటేసరికి దానికి నాలుగు కొమ్ములు మొలుస్తాయి.

జరిగిందేటంటే, మన పాత కస్టమర్ ఒక మేష్టారు రిటైర్మెంట్ డబ్బులతో కంటోన్మెంట్ వైపు ఒక డాబా ఇల్లు చూసుకున్నారు, 1980ల్లో కట్టింది, బాగుచేసి అద్దెకిచ్చుకుందామని. నేను వెళ్లి చూసి 3,85,000 అవుతుందని రాసిచ్చేను. ఆ కాగితం చేతిలో పెట్టుకునే ఆయన బేరం ఖాయం చేసుకున్నారు. తీరా పని అయ్యేసరికి 5,21,000 తేలింది. అందులో 24,000 చిల్లరమల్లర, ఏ రిపేరుకైనా అంత అటూ ఇటూ అవుతుంది, దాని గురించి ఆయనా అడగలేదు. మిగతా 1,12,000 హాలు శ్లాబు రిపేరుకి. ఆ ఇంటికి వచ్చే అద్దె నెలకి 11,000, అంటే పది నెలల అద్దె నా లెక్కలో లేకుండా పోయింది.

హాల్లో కొత్తగా వేసిన ఫాల్స్ సీలింగ్ ఉంది. గోడలకి పదేళ్లుగా సున్నం కూడా లేదు, కిటికీ రెక్కలు చెద తినేసేయి, అలాంటి ఇంట్లో హాల్లో మాత్రం అంత సోకు ఎందుకా అని నాకు అప్పుడే అనుమానం రావాలి. రాలేదు. ఆ రోజు ఇంకో రెండు ఇళ్లు చూడాల్సి ఉండి తొందరలో ఉన్నాను, నలభై నిమిషాల్లో టేపు కొలతలు తీసేసుకుని వచ్చేసేను. పని మొదలెట్టి బోర్డు విప్పితే దాని వీపు మీద దోసెడు సిమెంటు పెచ్చులు, పైన రాడ్లు బయటికొచ్చి ఉల్లిపొరల్లా రేగిపోతున్నాయి. డాబా మీద నీళ్లు నిలిచి లోపలికి దిగితే రాడ్డు తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన రాడ్డు లావెక్కుతుంది, లావెక్కి కింది సిమెంటుని తోసేస్తుంది. దాని మీద ఊరికే ప్లాస్టరింగ్ చేస్తే ఎన్నాళ్లో నిలవదు. కింద జాకీలు పెట్టి, సుత్తితో కొట్టి డొల్లగా మోగిందంతా రాల్చి, రాడ్లు వైరు బ్రష్షుతో తోమి, తుప్పు పట్టకుండా మందు రాసి, సన్నబడ్డ చోట కొత్త రాడ్డు కలిపి, పాలిమర్ మోర్టార్ (పట్టు కోసం పాలిమర్ కలిపిన సిమెంటు మాలు) పట్టించి, పైన డాబాకి వాటర్ ప్రూఫింగ్ చేస్తే అప్పుడు పని అయినట్టు.

ఇప్పుడు ఆ డబ్బు ఎవరిది అన్నది ప్రశ్న. నా ఎస్టిమేట్ కింద "కనపడని పనులు అదనం" అని ఎప్పుడూ ఉంటుంది, కాగితం ప్రకారం నాకు సంబంధం లేదు. కానీ ఆ లైను నేను పెట్టుకున్నది గోడ లోపల పైపుల కోసం, చెయ్యెత్తితే అందే సీలింగ్ కోసం కాదు. మూడు రాత్రులు నిద్ర లేదు. మా ఆవిడ "ఇచ్చీరాదా, మేష్టారి డబ్బు మనకెందుకు" అంది, నేనూ మొత్తం ఇచ్చేద్దామనే అనుకున్నాను. ఈలోపు బెంగుళూరు నుంచి వాళ్లబ్బాయి ఫోన్ చేసి "అంకుల్, అమ్మినాయన మీకు కమిషన్ ఎంత ఇచ్చేడు" అన్నాడు. 2014లో హుద్‌హుద్ వెళ్లిన వారం నుంచి ఈ పనిలో ఉన్నాను, రేకులు ఎగిరిపోయిన ఇళ్లకి ఊరికే లెక్కలు కట్టిచ్చిన రోజులున్నాయి, అమ్మేవాడి దగ్గర టీ కూడా తాగను. ఆ మాట అనకపోయుంటే మొత్తం ఇచ్చేవాడినే. సగం ఇచ్చేను, 56,000, రసీదు రాయించుకుని మరీ. మేష్టారు "నువ్వు చూసేవని కదా బాబూ కొన్నాను" అన్నారు, అంతే. అబ్బాయి మాటకి కోపం వచ్చింది గానీ దీనికి మాత్రం ఏం చెప్పాలో తెలీలేదు.

ఇకమీద ఫొటోలు పంపి "రఫ్‌గా చెప్పండి" అంటే చెప్పను, ఎంత పాత కస్టమరైనా సరే. చూడ్డానికి 2,000 తీసుకుంటాను, పని నాకిస్తే బిల్లులో తగ్గిస్తాను. సీలింగ్ ఉన్న గదిలో ఒక గుండ్రటి లైటు కిందకి లాగితే చాలు, పక్క స్ప్రింగులు వదులుతాయి, చెయ్యి పట్టేంత కన్నం వస్తుంది, ఫోన్ టార్చి వేసి లోపల వీడియో తీసుకోవచ్చు, రెండు నిమిషాల పని. దానికి ఇంటాయన ఒప్పుకోకపోతే మీరు అడ్వాన్స్ ఇవ్వకండి, నేనూ ఎస్టిమేట్ రాయను. ముప్పై ఏళ్లు దాటిన ఇల్లయితే నా లెక్క మీద ఇంకో 15 శాతం పక్కన పెట్టుకోండి. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్‌లో 28 నుంచి 18కి తగ్గింది కదా మరి రేటు తగ్గించవా అని అడుగుతున్నారు, తగ్గినంత తగ్గించేను, కానీ రిపేరు పనిలో సిమెంటు ఎంతని, సగం పైన కూలీలదే.

ఈ సంవత్సరం నేను చూసినవాటిలో ఫాల్స్ సీలింగ్ ఉన్న ఇళ్లు ఇంకో ఏడు ఉన్నాయి. ఆ ఏడుగురికీ ఈ ఆదివారం నుంచి వరసగా నేనే ఫోన్ చేస్తాను, మళ్లీ వచ్చి చూస్తాను, డబ్బులు వద్దు. నిచ్చెన నేనే తెచ్చుకుంటాను, కింద పట్టుకోడానికి ఒక మనిషి ఉంటే చాలు.