అమ్మ నేతచీరలు, గుడ్డ గుమ్మడికాయలు

కొలంబస్, ఒహాయో
అక్టోబరు

ప్రియమైన సుజాతా,

నేను పంపిన గుమ్మడికాయల ఫొటో చూసి "అవి నిజంగా గుడ్డవేనా? ఎలా కుట్టావో అంతా రాయవే" అన్నావుగా. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతాం, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. సంక్రాంతి బొమ్మల కొలువులో పెట్టాలనుకుంటున్నావంటే చాలా సంతోషంగా ఉంది. నీకింకా బోలెడంత టైముంది.

ముందు ఇక్కడి సంగతి చెప్పనీ. అక్టోబరు వచ్చిందంటే మా వీధిలో మేపుల్ చెట్లన్నీ ఎర్రబడతాయి. ఇంటింటి మెట్ల మీదా గుమ్మడికాయలు, పక్కనే కుండీల్లో చామంతులు. ఆ చామంతులు చూస్తే నాకు దసరా గుర్తొచ్చి ప్రాణం లేచొస్తుంది. మాకు దక్షిణాన సర్కిల్‌విల్ అని చిన్న ఊరుంది. అక్కడ 1903లో మొదలైన గుమ్మడికాయల పండగ ఇప్పటికీ అక్టోబరు మూడో బుధవారం నుంచి శనివారం దాకా జరుగుతుంది. ఆ ఊరి నీళ్ళ ట్యాంకు కూడా గుమ్మడికాయలాగే ఉంటుందే! ఎవరి కాయ పెద్దదో తూకం వేసి మరీ తేలుస్తారు. గుమ్మడికాయంటే ఒక్క నారింజ రంగే కాదు. తెల్లవీ ఉన్నాయి, జరాడేల్ అని బూడిద కలిసిన నీలం రంగువీ ఉన్నాయి. నాకు బాగా నచ్చింది సిండరెల్లా అనే రకం. అణిగినట్టు వెడల్పుగా, లోతైన గాడులతో ఉంటుంది. నేను కుట్టేది ఆ ఆకారమే.

అసలు కాయలు బయట పెడితే ఉడతలు కొరుకుతాయి. హాలోవీన్‌కి చెక్కినవైతే వారం తిరక్కుండా మెత్తబడి కుళ్ళిపోతాయి. అందుకని ఇంట్లో అలంకరణకి చాలామంది గుడ్డవి పెట్టుకుంటారు. దుకాణాల్లో వెల్వెట్‌వి దొరుకుతాయి, చాలా బావుంటాయి కూడా. నాకు మాత్రం అమ్మ చీరలతోనే చేయాలనిపించింది. నీకు గుర్తుందా, అమ్మకి ఆవపువ్వు రంగు మంగళగిరి చీర ఉండేది, ఎప్పుడూ అదే కట్టేది. మధ్యలో చిరుగులు పట్టింది, కట్టడానికి పనికిరాదు, పారేయడానికి మనసొప్పదు. మన ఇళ్ళల్లో పాత చీర ముందు బొంత అయ్యేది, తర్వాత ఉయ్యాల, చివరికి మసిగుడ్డ. నాకిక్కడ బొంత అవసరం లేదు. అలాగని ఆ చీరని పెట్టెలో పెట్టి మూసేయలేను. ఇప్పుడు ఏటా చలి మొదలయ్యే వేళకి బయటికొస్తుంది, నవంబరు చివర్లో థాంక్స్‌గివింగ్ పండగ అయ్యేదాకా మా హాల్లోనే ఉంటుంది.

కుట్టు తేలికేనే. ఆలోచించాల్సిందల్లా గుడ్డ గురించే. మంగళగిరి నేత ఒత్తుగా ఉంటుంది, ఎన్ని ఉతుకులు పడ్డా కుచ్చు చక్కగా నిలుస్తుంది. పోచంపల్లి ఇక్కత్ అయితే ఇంకా బావుంటుంది, గాడులు పడ్డచోట డిజైను వంపు తిరిగి కనిపిస్తుంది. వెంకటగిరి చీర మరీ పలచన, లోపలి దూది తెలిసిపోతుంది కాబట్టి అడుగున పాత పంచె ముక్క జతచేసి కుట్టు. పట్టుకి పోగులు ఊడతాయి, దానికీ లోపల ఒక పొర వెయ్యాలి. అసలు జరీ ఉన్న మంచి పట్టుచీరల జోలికి మాత్రం వెళ్ళకు, అవి ఇంకా కట్టుకునేవే.

ఇక పని. అంచు వెంబడి 20 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు ముక్క తీసుకో. దాంతో ఆరంగుళాల కాయ వస్తుంది. మంచివైపు లోపలికి ఉండేలా మడిచి, పొట్టి వైపులు రెండూ కలిపి కుడితే గొట్టంలా అవుతుంది. అంచు లేని వైపు రెండు పేటల దారంతో దూరం దూరంగా కుట్టుకుంటూ వెళ్ళి, దారం లాగి, మూతి పూర్తిగా బిగించి ముడెయ్యి. ఇప్పుడు తిరగేసి, అడుగున చిన్న గుడ్డసంచిలో ఇసక పోసి పెట్టు, కాయ ఒరగకుండా కూర్చుంటుంది. ఇక్కడ చాలామంది బియ్యమో బీన్సో వేస్తారు. మన వాతావరణంలో పురుగు పడుతుంది, వద్దు. పైన దిండ్లలో నింపే పాలిస్టర్ దూది పెట్టు. బూరుగు దూది మీ దగ్గర దొరుకుతుంది కానీ కొన్నాళ్ళకి అణిగిపోతుంది. మరీ గట్టిగా కూరకే, దారం బిగిస్తే లోపలికి దిగే చోటుండాలి. తర్వాత పై మూతి కూడా అలాగే లాగి కట్టెయ్యి. జరీ అంచు పైన పెట్టుకున్నాం కదా, మంగళగిరి చీరలకుండే నిజాం అంచులోని ఆ చిన్న గోపురాలన్నీ తొడిమ చుట్టూ దగ్గరికొచ్చి గుండ్రంగా చేరతాయి. నాకు ఈ పనంతటిలోకీ ఇష్టమైన క్షణం అదే.

తర్వాత దబ్బనం కావాలి, మామూలు సూది చాలదు. ఎంబ్రాయిడరీ దారం ఆరు పోగులూ విడదీయకుండా ఎక్కించి, అడుగు మధ్యలోంచి పైకి గుచ్చి తియ్యి. దారాన్ని కాయ బయటివైపు నుంచి కిందికి తెచ్చి, మళ్ళీ అదే మధ్యలోంచి పైకి గుచ్చి బిగించు. ఒక గాడి పడుతుంది. అలా ఆరో ఎనిమిదో సమాన దూరంలో వేస్తే చాలు. ఒకటి వేశాక దాని ఎదుటిది వెయ్యి, లేకపోతే కాయ ఒక పక్కకి లాగేస్తుంది. ప్రతిసారీ ఒకే బలంతో బిగించాలి. చివరి ముడి అడుగున వెయ్యి, కనపడదు.

తొడిమకి నేను అసలు గుమ్మడికాయల తొడిమలు దాచి ఎండబెడతాను. పూర్తిగా ఎండాకే అంటించాలి, పచ్చి మిగిలితే బూజు పట్టి గుడ్డంతా పాడవుతుంది. నువ్వు జామకొమ్మ ముక్కయినా పెట్టొచ్చు, దాల్చినచెక్కయినా పెట్టొచ్చు. గ్లూ గన్ లేకపోతే ఫెవికాల్ పూసి రాత్రంతా కదపకుండా ఉంచు. తొడిమ మొదట్లో పురికొస రెండు చుట్లు చుడితే అతుకు కనపడదు.

కొలువు మెట్ల మీదకి ఆరంగుళాలవి పెద్దవైపోతాయేమో. పాత జాకెట్టు ముక్కలతో 10 అంగుళాలు, 5 అంగుళాల కొలతతో చిన్నవి చెయ్యి, బొమ్మల మధ్య ఇమిడిపోతాయి. పిల్లని కూడా కూర్చోబెట్టుకో, దూది నింపడం వాళ్ళకి భలే సరదా. అత్తయ్యగారి పాత చీరలేమైనా ఉంటే అడిగి తీసుకో, ఆవిడవన్నీ మంచి నేతచీరలే.

నీ ఇటుకరంగు మంగళగిరి చీర కత్తిరించబోతున్నానన్నావు. కత్తెర పెట్టే ముందు చీరంతా పరిచి ఒక ఫొటో పంపు, చిరుగులు తప్పించి ఎన్ని కాయలొస్తాయో లెక్కేసి చెప్తాను. కొంగు మాత్రం అలాగే ఉంచు, దానితో కుషన్ కవర్ కుడదాం.

నీ
విజయ